సముద్రం లేని ఊరిలో సముద్రపు లెక్క

ఢిల్లీకి సముద్రం లేదు. ఏ దిక్కుకు బయలుదేరినా వందల కిలోమీటర్లు ప్రయాణిస్తే తప్ప కెరటం కనిపించదు. రాజధాని ప్రాంతంలో పనిచేస్తున్న మన తెలుగు ఉద్యోగుల పిల్లలలో చాలమంది, వేసవి సెలవులకు విశాఖకో, మచిలీపట్నానికో, నెల్లూరుకో వెళ్ళినప్పుడు మాత్రమే సముద్రాన్ని చూచినవారు. అయినప్పటికీ, బంగాళాఖాతంలో ఏ లోతున నీరు ఎంత వెచ్చగా ఉన్నది, ఎంత ఉప్పగా ఉన్నది, ఏ దిశగా ప్రవహిస్తున్నది అన్న లెక్కను కట్టే కేంద్రాలలో ఒకటి మన ముంగిటనే, నోయిడా 62వ సెక్టారులో ఉన్నదన్న విషయం పాఠకులలో కొద్దిమందికే తెలిసి ఉండవచ్చును. అది జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచనా కేంద్రం. మెట్రో నీలి మార్గంలో నోయిడా ఎలక్ట్రానిక్ సిటీ వరకు రాకపోకలు చేసే మన సిబ్బంది ప్రతిదినం దానికి చేరువగానే సాగిపోతుంటారు.

ఈ కేంద్రంలోని మహాగణకయంత్రాల గురించి పత్రికలలో అప్పుడప్పుడు వార్తలు వస్తూనే ఉంటాయి. ఉపగ్రహాల గురించి చెప్పనవసరమే లేదు. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన ప్రతిసారీ మన ఇళ్ళలో టెలివిజన్ ముందు అందరం చేరుతాము. కాని ఉపగ్రహం ఆకాశం నుండి చూచినదానిని, సముద్రంలో మునిగి ఉన్న పరికరం కొలిచినదానిని ఒకచోట చేర్చి, రెంటికీ పొత్తు కుదిర్చే సాఫ్ట్‌వేరు గురించి ఎవరూ మాట్లాడరు. అందులో పెద్దభాగం ఏ సంస్థా అమ్మని, ఏ సంస్థా కొనని సాఫ్ట్‌వేరు. దాని మూలగ్రంథం, అనగా దానిని వ్రాసిన అసలు ఆదేశాల వరుస, ఎవరైనను చదువుకొనుటకు, దిద్దుకొనుటకు అందుబాటులో ఉన్నది. ఓపెన్ సోర్స్ అని అందరూ పిలుస్తున్నది దీనినే. టెండరు లేనిదే గుండుసూది కూడా కొనని మనవంటి సంస్థలలోని వారికి ఇది కొంత వింతగా తోచవచ్చును. అందుచేతనే ఈ వ్యాసం.

పైన ఒక కథ, లోతున మరొక కథ

ముందుగా, ఉపగ్రహం ఒక్కటే ఎందుకు చాలదన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి.

సముద్రపు ఉష్ణోగ్రతను కొలిచే ఉపగ్రహం నీటి పైపొరను మాత్రమే చూడగలదు. పరారుణ కిరణాల ద్వారా చూచేది మిల్లీమీటరు కంటె పలుచనైన చర్మాన్ని. మేఘం అడ్డువస్తే అదీ కనపడదు. తుపాను పుట్టే సమయంలో, అనగా మనకు వివరం అత్యవసరమైన సమయంలో, మేఘం ఎటూ తప్పదు. సూక్ష్మతరంగాలతో చూచే పరికరాలు మేఘాన్ని దాటి చూడగలవు గాని, వాటి దృష్టి అంత నిశితమైనది కాదు. ఏ విధంగా చూచినను, నూరు మీటర్ల లోతున ఏమున్నదో ఈ రెండూ చెప్పలేవు.

బంగాళాఖాతం విషయంలో ఇది మరింత ముఖ్యం. గంగా, బ్రహ్మపుత్రా, ఇరావతీ, మహానదీ, గోదావరీ, కృష్ణా జలాలన్నీ వచ్చి చేరే సముద్రం ఇది. వానాకాలం ముగిసేసరికి ఈ మంచినీరు ఉప్పునీటిపై ఒక పలుచని పొరగా పరచుకుంటుంది. కదలక ఉంచిన మజ్జిగపై తేట తేరినట్లు. సాధారణంగా తుపాను గాలి సముద్రాన్ని చిలికినప్పుడు అడుగునున్న చల్లని నీరు పైకి వచ్చి, తుపానుకు అందే వేడిని తగ్గిస్తుంది. తన బలానికి తానే కళ్ళెం వేసుకొన్నట్లన్న మాట. కాని పైన తేలికైన మంచినీటి పొర ఉన్నప్పుడు ఆ చిలుకుడు లోతుకు అంత సులభంగా దిగదు. చల్లని నీరు పైకి రాదు. కళ్ళెం వదులవుతుంది. అక్టోబరు, నవంబరు మాసాలలో మన తీరానికి వచ్చే తుపానుల తీవ్రత వెనుక ఉన్న కారణాలలో ఇది ఒకటి. కనుక నీటి వెచ్చదనంతో పాటు ఉప్పదనం కూడా తెలియాలి. ఉపరితలంతో పాటు లోతు కూడా తెలియాలి.

మన తీరంలో ఈ లోతులను కొలిచే ప్రయత్నం కొత్తది కాదు. అమెరికా దేశపు సముద్రశాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1952లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి అధ్యాపకులతోను విద్యార్థులతోను కలిసి, నౌకాదళం సహకారంతో విశాఖ తీరాన నీటి ఉష్ణోగ్రతలను లోతు వెంబడి కొలిపించారు. వసంతకాలంలో తీరం వెంబడి అడుగునీరు పైకి ఉబికివచ్చే తీరును ఆయన వివరించారు. ఆ రోజులలో ఒక్కొక్క కొలతకు ఒక ఓడ ప్రయాణం కావలసి వచ్చేది. ఓడ వెళ్ళని చోట, వెళ్ళని నెలలో, సముద్రం ఎట్లున్నదో చెప్పే దిక్కులేదు.

జేసన్, ఆర్గో

ఈ లోటును తీర్చినవి ఆర్గో ఫ్లోటులు. మనిషి నిలువు ఎత్తుకు కొంచెం అటుఇటుగా ఉండే లోహపు గొట్టం వంటి పరికరం ఇది. తనలోని నూనెను ఒక రబ్బరు తిత్తిలోకి పంపుచేసి తన పరిమాణాన్ని పెంచుకొంటే పైకి తేలుతుంది. నూనెను లోపలికి లాగుకొంటే మునుగుతుంది. వేయి మీటర్ల లోతున సుమారు తొమ్మిది దినాలు ప్రవాహం వెంట తేలియాడి, రెండువేల మీటర్ల వరకు దిగి, అక్కడి నుండి పైకి వస్తూ దారి పొడవునా ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తుంది. పైకి వచ్చి ఆ పట్టికను ఉపగ్రహానికి అందించి తిరిగి మునుగుతుంది. పదిదినాలకొకసారి, నాలుగైదేళ్ళ పాటు, బ్యాటరీ ఉన్నంతవరకు దానికి ఇదే పని. సెలవు లేని ఉద్యోగం!

1999–2000 ప్రాంతంలో మొదలైన ఈ అంతర్జాతీయ కార్యక్రమం 2007 నవంబరు నాటికి మూడువేల ఫ్లోటుల లక్ష్యాన్ని చేరుకొన్నది. 2018 నాటికి వాటి నుండి వచ్చిన పట్టికల సంఖ్య ఇరవై లక్షలు. భారతదేశం తరఫున ఈ కార్యక్రమాన్ని నిర్వహిస్తున్నది హైదరాబాదులో 1999లో నెలకొల్పబడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అనగా ఇన్‌కాయిస్. అక్కడ ఆర్గో కార్యక్రమాన్ని నడిపించిన డా. ఎం. రవిచంద్రన్ 2021లో ఢిల్లీలోని భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖకు కార్యదర్శిగా నియమితులైనారు.

ఆర్గో అన్న పేరు వెనుక ఒక ఉద్దేశమున్నది. గ్రీకు పురాణంలో జేసన్ అనే వీరుడు ఎక్కి వెళ్ళిన ఓడ పేరు ఆర్గో. 2001 డిసెంబరులో ప్రయోగించిన సముద్రమట్ట మాపక ఉపగ్రహానికి జేసన్ అని పేరు పెట్టారు. 1,336 కిలోమీటర్ల ఎత్తు నుండి నీటిమట్టాన్ని కొద్ది సెంటీమీటర్ల తేడాతో కొలిచిన ఉపగ్రహమది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది కనుక, అడుగున వెచ్చని నీరు దండిగా ఉన్నచోట సముద్రమట్టం కొంచెం ఉబికి ఉంటుంది. అయితే ఆ ఉబుకు ఏ లోతులోని వేడి వలన కలిగినదో ఉపగ్రహం చెప్పలేదు. దానిని చెప్పేది ఫ్లోటు. ఫ్లోటు ఒక్కచోట మాత్రమే ఉంటుంది. ఉపగ్రహం అంతటినీ చూస్తుంది. వీరుడికి ఓడ వలె ఒకటి లేక మరొకటి నడవదని పేర్లలోనే చెప్పారన్న మాట.

మన దేశమూ ఈ రంగంలో వెనుకబడి లేదు. 1999 మే 26న ప్రయోగించిన ఓషన్‌శాట్ మొదలుకొని, సముద్రంపై గాలుల వేగాన్ని దిశను కొలిచిన ఓషన్‌శాట్-2 (2009), ఫ్రాన్సుతో కలిసి 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుండి పంపిన సరళ్ అనే మట్టమాపక ఉపగ్రహం, 2022 నవంబరు 26న పంపిన ఓషన్‌శాట్-3 వరుసగా ఈ పనికి వచ్చినవే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బంగాళాఖాతంలోను అరేబియా సముద్రంలోను లంగరు వేసి ఉంచిన బోయాలు వీటికి అదనం.

మామిడితోట బేరం

ఇన్ని చోటుల నుండి, ఇన్ని విధాలుగా వచ్చిన కొలతలను ఒక్కటిగా చేర్చడం ఎట్లు? మన పల్లెలలో మామిడితోట కాపును అంచనా కట్టే పద్ధతిని ఒకసారి గుర్తు చేసుకొందాము. బేరగాడు గట్టు మీద నిలుచుండి తోటనంతా ఒక్క చూపులో చూస్తాడు. అతనికి అన్ని చెట్లూ కనిపిస్తాయి గాని ఆకుల చాటున ఉన్న కాయలు కనిపించవు. కాపలావాడు ఒక చెట్టెక్కి కాయలను లెక్కపెడతాడు. అతని లెక్క నిక్కమైనదే, కాని అది ఆ ఒక్క చెట్టుకే. రైతు తన పాత ఖాతా తీసి, నిరుడు ఇంత కాసినది, ఈ ఏడు పూత ఇట్లున్నది, కనుక ఇంత రావచ్చునంటాడు. తెలివైనవాడు ముగ్గురి మాటా వింటాడు. ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నదే అసలైన విద్య.

ఇక్కడ బేరగాడు ఉపగ్రహం, కాపలావాడు ఫ్లోటు, రైతు ఖాతా వంటిది గణితనమూనా. నిన్నటి స్థితి నుండి భౌతికశాస్త్ర సూత్రాల ప్రకారం ఈనాటి సముద్రాన్ని ముందుగానే గణించి పెట్టేది ఈ నమూనాయే.

ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒకానొక చోట నీరు 28 డిగ్రీలు ఉండవచ్చునని నమూనా అన్నది. దానిలో ఒక డిగ్రీ అటుఇటు తప్పు ఉండవచ్చునని మనకు అనుభవం మీద తెలుసు. అక్కడే తేలిన ఫ్లోటు 29 డిగ్రీలన్నది. దానిలో తప్పుకు అవకాశం అర డిగ్రీ. తప్పులో సగం ఉన్నవాని మాటకు నాలుగింతల విలువ ఇవ్వాలని గణితం చెబుతున్నది. కనుక ఐదు పాళ్ళలో నాలుగు పాళ్ళు ఫ్లోటుకు, ఒక పాలు నమూనాకు ఇస్తే వచ్చేది 28.8 డిగ్రీలు. ఈ జవాబులో తప్పుకు అవకాశం సుమారు 0.45 డిగ్రీ. రెంటిలో మేలైనదాని కంటె కూడా ఇది కొంచెం మేలు. తప్పుడు సాక్షిని కూడా పూర్తిగా త్రోసివేయక తగినంత విలువ ఇచ్చినందుకు దక్కిన లాభమిది. రెండు శతాబ్దాల క్రితం లెజాండ్రు, గౌస్ గ్రహగతుల లెక్కల కొరకు ప్రచురించిన కనిష్ఠవర్గ పద్ధతి సారాంశం ఇదే.

ఆర్గో ఉష్ణమాపకం డిగ్రీలో వెయ్యవ వంతుల వరకు సరిగా కొలుస్తుందే, అర డిగ్రీ తప్పు ఎక్కడి నుండి వచ్చిందని మన ఇంజనీర్లు ప్రశ్నించవచ్చును. ప్రశ్న సమంజసమే. నోయిడా కేంద్రపు సముద్ర నమూనాలో ఒక్కొక్క గడి పావు డిగ్రీ, అనగా సుమారు పాతిక కిలోమీటర్ల వెడల్పు. ఫ్లోటు కొలిచినది ఆ గడిలోని ఒక్క బిందువును. ఆ బిందువు గడి అంతటికీ ప్రతినిధి కాగలదా అన్నదే తప్పుకు మూలం. పరికరం నిజమే చెబుతున్నది; మనం దానిని అడిగిన ప్రశ్నే వేరు.

ఇంతవరకు ఒక్క బిందువు సంగతి. ఫ్లోటు చెప్పిన సవరణను చుట్టుపక్కల ఎంత దూరం వరకు, ఏ లోతు వరకు పంచాలి? మట్టం ఒక సెంటీమీటరు ఉబికితే ఆ వేడిని ఏ పొరలకు ఎంతెంత ఇవ్వాలి? లక్షల గడులు, లోతున డెబ్బదియైదు పొరలు, వేలాది కొలతలు, అన్నింటినీ ఒకేసారి తూచాలి. మహాగణకయంత్రం అవసరమయ్యేది ఇక్కడ. నోయిడాలో వాడే నెమోవార్ అనే పద్ధతి, అన్ని కొలతలతోను, నమూనాతోను మొత్తం మీద అతి తక్కువ పేచీ పడే సముద్రస్థితిని వెదకుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ మరొక దారిని కూడా తీసుకొన్నది. ఒకే సముద్రానికి కొద్దికొద్ది తేడాలతో పదుల కొలది ప్రతులను నడిపి, ఆ ప్రతుల మధ్య ఎక్కడ ఎంత భేదాభిప్రాయమున్నదో చూచి, అంత మేరకు కొలతలకు విలువ ఇచ్చే పద్ధతి అది. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఈ విధానాన్ని రోమ్స్ అనే సముద్ర నమూనాతో జోడించి మన శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రానికి అనువుగా తీర్చిదిద్దుకొన్నారు. పరుల పుస్తకాన్ని చదివి పాఠం అప్పజెప్పడం వేరు, ఆ పుస్తకంలో మన అధ్యాయం వ్రాయడం వేరు. రెండవది సాధ్యమైనది మూలగ్రంథం చేతిలో ఉండబట్టే.

తాళమున్న యంత్రం, తాళం లేని గ్రంథం

నోయిడా కేంద్రపు చరిత్రలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉన్నది. వాతావరణ సూచనల కొరకు 1980లలో భారతదేశం అమెరికా నుండి క్రే ఎక్స్-ఎంపీ/24 అనే మహాగణకయంత్రాన్ని కొనదలచినది. రెండు ప్రాసెసర్లు గల ఆ యంత్రాన్ని అమ్మడానికి అమెరికా సమ్మతించలేదు. ఒకే ప్రాసెసరు గల ఎక్స్-ఎంపీ/14ను మాత్రం, వాతావరణ పరిశోధనకే వాడవలెనన్న షరతులతో ఇచ్చినది. 1988లో మధ్యకాలిక వాతావరణ సూచనా కేంద్రం ఏర్పడినది ఆ యంత్రం ఆధారంగానే. మనకు కావలసిన యంత్రం దొరకలేదన్న పట్టుదలతో అదే సంవత్సరం పుణెలో సీడాక్ స్థాపన, 1991లో పరమ్ 8000 నిర్మాణం జరిగిన సంగతి పాఠకులకు విదితమే.

యంత్రం విషయంలో ఇంత కట్టడి ఉన్న ఆ కాలంలోనే, సముద్రాన్ని గణించే ప్రోగ్రాము విషయంలో జరిగినది ఇందుకు పూర్తిగా భిన్నం. ప్రిన్స్‌టన్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలలో కిర్క్ బ్రయన్ 1969లో ప్రచురించిన సముద్ర నమూనాను, ఆయన సహచరుడు మైకేల్ కాక్స్ 1984లో వివరణ గ్రంథంతో సహా ఇతర పరిశోధకులకు అందజేశారు. కాక్స్ 1989లో మరణించగా, ఆయన సహోద్యోగులు దానిని సంస్కరించి 1991లో మామ్ అన్న పేరుతో విడుదల చేశారు. ఆ మామ్ సంతతికి చెందిన నమూనాయే తరువాత హైదరాబాదుకు చేరి, ఆర్గో కొలతలను కలుపుకొని, హిందూ మహాసముద్రపు దైనందిన స్థితిని గణించినది. దాని కొరకు ఎవరి అనుమతి పత్రమూ అవసరం కాలేదు.

నోయిడాలో వాడుతున్న సముద్ర నమూనా నెమో. ప్యారిస్‌లో పుట్టి, ఐరోపా దేశాల సంస్థలు ఉమ్మడిగా పెంచుతున్న ఈ నమూనా సెసిల్ అనే ఫ్రెంచి లైసెన్సు క్రింద అందరికీ అందుబాటులో ఉన్నది. ఆ యంత్రాల మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ కూడా అటువంటిదే. 2017 నవంబరు నుండి ప్రపంచంలోని అయిదువందల అగ్రశ్రేణి గణకయంత్రాలలో లినక్స్ లేనిది ఒక్కటీ లేదు. 2024 సెప్టెంబరు 26న పుణెలోని అర్కతో పాటు జాతికి అంకితమైన నోయిడాలోని అరుణిక వేగం 8.24 పెటాఫ్లాపులు, అనగా సెకనుకు ఎనభై రెండు కోటికోట్లకు పైగా లెక్కలు. యంత్రాన్ని కొన్నాము. అందులో సముద్రాన్ని నడిపించే గ్రంథాన్ని కొనలేదు.

అన్నీ ఇట్లే ఉన్నాయని చెప్పడం సరికాదు. అదే నోయిడాలో వాతావరణాన్ని గణించే యూనిఫైడ్ మోడల్ బ్రిటిష్ వాతావరణ శాఖది. అది భాగస్వామ్య ఒప్పందం చేసుకొన్న సంస్థలకు మాత్రమే లభిస్తుంది. గాలికి తాళమున్నది, నీటికి లేదు. రెంటినీ జతచేసి నడుపుతున్నారు.

చల్లబడిన సముద్రం

ఎవరైనను చూడగలిగిన దానిని ఎవరైనను పాడుచేయవచ్చును గదా, దానిని నమ్మడమెట్లు? ఈ సందేహం మన కార్యాలయాలలోనూ వినిపిస్తుంటుంది. దీనికి సమాధానంగా సముద్రశాస్త్రంలో జరిగిన ఒక ఉదంతాన్ని చెప్పవలసి ఉన్నది. ఇది సాఫ్ట్‌వేరు కంటె సమాచారానికి సంబంధించినది. అయినను రెంటికీ నీతి ఒక్కటే.

2006లో జాన్ లైమన్, జోష్ విల్లిస్, గ్రెగరీ జాన్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు, 2003 నుండి 2005 వరకు ప్రపంచ సముద్రాల పైభాగం చల్లబడినదని ఒక పరిశోధనాపత్రం ప్రచురించారు. భూమి వేడెక్కుతున్నదని అందరూ అంటుండగా వచ్చిన ఈ పత్రం సంచలనం కలిగించినది. కాని ఉపగ్రహాల లెక్క దీనితో పొసగలేదు. సముద్రమట్టం పెరుగుతూనే ఉన్నదని అవి చెబుతున్నాయి. నీరు చల్లబడితే సంకోచించాలి. మట్టం పెరుగుట ఎట్లు? ఎవరిది తప్పు?

విల్లిస్ తన లెక్కను తానే తిరిగి విప్పారు. ఒక్కొక్క ఫ్లోటు పంపిన పట్టికలను పరిశీలించగా, ఒక జాతి ఫ్లోటులు తాము ఉన్న లోతును తప్పుగా నమోదు చేస్తున్నాయని తేలినది. లోతు తప్పితే, ఆ లోతుకు వ్రాసిన ఉష్ణోగ్రత కూడా తప్పే. మరొక వైపు, అంతకు పూర్వం ఓడల నుండి జారవిడిచిన ఉష్ణమాపకాలు, తాము పడిన కాలాన్ని బట్టి లోతును ఊహించేవి. ఆ ఊహలోని తేడా వలన పాతకాలపు నీరు ఉన్నదానికంటె వెచ్చగా కనిపించినది. పాతది ఎక్కువ వెచ్చగా, కొత్తది ఎక్కువ చల్లగా కనిపిస్తే, మధ్యలో సముద్రం చల్లబడినట్లు తోచక ఏమవుతుంది? 2007లో ఆ శాస్త్రవేత్తలే సవరణ ప్రచురించారు.

ఈ తప్పు బయటపడినది ఉపగ్రహం, ఫ్లోటు ఒకదానినొకటి నిలదీయడం వలన. ప్రతి ఫ్లోటు పట్టికా అందరి ముందు ఉండడం వలన. ఆ పట్టికలు ఏ కార్యాలయపు బీరువాలోనైనా ఉండినట్లయితే ఎన్నేళ్ళు పట్టేదో ఊహించవచ్చును.

ఇంటింటికీ అందే ఫలితం

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ కుటుంబాలవారు మన సంస్థలవంటి వాటిలో నేటికీ ఉన్నారు. 1999 అక్టోబరు చివర ఒడిశాను తాకిన పెనుతుపానులోనూ మృతుల సంఖ్య పదివేలకు చేరువ. 2013 అక్టోబరు 12న వచ్చిన ఫైలిన్ నాటికి పరిస్థితి మారినది. పది లక్షల మందికి పైగా ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలింపబడగా, మృతుల సంఖ్య పదులకు పరిమితమైనది. మరుసటి సంవత్సరం సరిగా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను తాకినది. ఆ నగరంలోని మన వారికి దాని గురించి మేము వ్రాసి చెప్పవలసినది లేదు.

ఈ మార్పునకు సముద్రపు లెక్కయే కారణమని మేము అనము. ఇన్శాట్ చిత్రాలు, తీరప్రాంత రాడార్లు, తుపాను రక్షణ భవనాలు, రోడ్లు, టెలిఫోన్లు, రాత్రంతా మేల్కొన్న రెవెన్యూ సిబ్బంది, అందరూ కారకులే. తుపాను ఏ దారిన వస్తుందన్నది ప్రధానంగా గాలులను బట్టి ఉంటుంది. కాని అది దారిలో బలపడుతుందా, నీరసిస్తుందా అన్నది చాలవరకు క్రిందనున్న సముద్రంలో దాగిన వేడిని బట్టి ఉంటుంది. ఇరవై ఆరు డిగ్రీల నీరు ఎంత లోతు వరకు ఉన్నదన్న లెక్క కావలసి వచ్చేది అందుకే. బలం అంచనా దారి అంచనా అంత వేగంగా మెరుగుపడలేదన్నది నిజం. ఇంకా చేయవలసిన పని అక్కడే ఉన్నది.

తుపానులు ఏడాదికి కొన్నే. మత్స్యకారుల పని ప్రతిదినం. నీటి ఉష్ణోగ్రతలో తేడాలు, నీటి రంగును బట్టి తెలిసే సూక్ష్మ వృక్షజాలం, ఈ రెంటి చిత్రాలను కలిపి చేపలు చేరగల తావులను ఇన్‌కాయిస్ గుర్తించి తీరప్రాంతాలకు తెలియజేస్తున్నది. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధ కాలంలోను, వాతావరణం బాగులేని దినాలలోను తప్ప ఈ సూచనలు వెలువడుతుంటాయి. తక్కువ డీజిలుతో వల నిండడం అన్నది ఒక కుటుంబానికి ఎంతటి విషయమో తీరంలో పుట్టినవారికి తెలుసు.

సముద్రం లేని ఢిల్లీవాసులకు మాత్రం ఇందులో ఏమున్నది అంటే, వాన ఉన్నది. 2012లో మొదలైన మాన్సూన్ మిషన్ క్రింద గాలిని, సముద్రాన్ని జతచేసిన నమూనాతో ఋతుపవనాలను అంచనా వేస్తున్నారు. ఆ గణనకు కావలసిన సముద్రపు తొలి స్థితి హైదరాబాదు నుండి, వాతావరణపు తొలి స్థితి నోయిడా నుండి అందుతున్నవి. ఋతుపవనాలు ఢిల్లీకి చేరే సాధారణ తేదీ జూన్ 27. ఆ నెలలో మన క్వార్టర్లలో కూలర్ల ముందు కూర్చుండి ఎదురుచూసే వాన, బంగాళాఖాతపు వేడితో ముడిపడినదే.

వెల లేనిది, ఖర్చు లేనిది కాదు

ఓపెన్ సోర్స్ అంటే ఉచితం, ఉచితమంటే ఖర్చు లేదు అన్న అపోహ ఒకటి ఉన్నది. ఆవును ఎవరైనా ఉచితంగా ఇచ్చినా గడ్డి మనమే వేయాలి. కొన్న సాఫ్ట్‌వేరుకు మనం వార్షిక నిర్వహణ ఒప్పందం చేసుకొంటాము. పాడైతే ఫోను చేసి రప్పించుకొంటాము. ఇక్కడ ఫోను చేయడానికి ఎవరూ ఉండరు. నెమో వంటి నమూనాలో లక్షకు పైగా పంక్తులు. అధికభాగం ఫోర్‌ట్రాన్ భాషలో వ్రాయబడినవి. దానిని చదివి, మన సముద్రానికి తగినట్లు మార్చి, మార్పును మూలానికి తిరిగి పంపగల మనుషులు కావాలి. అటువంటివారు తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది. తయారైనవారిని నిలుపుకొనడం అంతకంటె కష్టం. కంపెనీలు ఇచ్చే జీతాలతో ప్రభుత్వ కేంద్రాలు పోటీపడలేవు. ఫోర్‌ట్రాన్ నేర్చే యువకుల సంఖ్య కూడా పెద్దది కాదు. సాఫ్ట్‌వేరు ఎప్పటికీ మనదిగానే ఉంటుంది, కాని దానిని చదవగలవారు లేని నాడు అది తెరచి ఉన్న తాళపత్ర గ్రంథం వంటిదే.

భారత ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానం ప్రకారం ప్రభుత్వ వ్యవస్థలు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమివ్వాలి. టెండరు పత్రాలలో దానిని పరిశీలించే నిబంధన ఉండాలి. వద్దనుకొంటే కారణం వ్రాయాలి. కొనుగోలు విభాగంలోని మిత్రులకు ఇది తెలిసినదే. కొనుగోలులో మిగిలిన సొమ్ములో కొంతభాగమైనను మనుషులకు శిక్షణ ఇవ్వడానికి కేటాయించాలన్న నిబంధన కూడ ఉన్నట్లయితే బాగుండునని మా అభిప్రాయం.

మన పిల్లలలో ఆసక్తి గలవారు ఈ పనిని ఇంటి వద్దనే రుచి చూడవచ్చును. ఆర్గో పట్టికలు ఇన్‌కాయిస్ వద్ద ఎవరైనను దించుకొనుటకు అందుబాటులో ఉన్నవి. అవి నెట్‌సీడీఎఫ్ అనే రూపంలో ఉంటాయి. కొలతతో పాటు దాని ప్రమాణం, చోటు, కాలం, నాణ్యతాచిహ్నం అన్నీ అదే దస్త్రంలో వ్రాసి ఉండే ఏర్పాటు అది. చదవడానికి పైథాన్ భాష, అందులోని ఎక్స్‌అరే అనే ఉపకరణం చాలును. అమెరికా సముద్రవాతావరణ సంస్థ తయారుచేసిన ఫెరెట్ కూడా వాడవచ్చును. ఇవన్నీ ఉచితమే. ఇంటర్మీడియెట్ చదివే విద్యార్థికి సాధారణమైన కంప్యూటరుపై రెండు మూడు ఆదివారాల పని. 2014 అక్టోబరులో అండమాన్ దీవులకు, విశాఖకు నడుమ తేలియాడిన ఫ్లోటులను ఎంచుకొని, హుద్‌హుద్ రాక ముందటి పట్టికను, వెళ్ళిన తరువాతి పట్టికను ఒకే కాగితంపై గీయమనండి. లోతు క్రిందికి, ఉష్ణోగ్రత అడ్డంగా. నాణ్యతాచిహ్నం 1 ఉన్న కొలతలనే తీసుకోవాలి. రెండు గీతల నడుమ కనిపించే ఎడమే ఆ మూడు నాలుగు దినాలలో తుపాను బంగాళాఖాతాన్ని చిలికిన చిలుకుడు.